ఒకటో ర్యాక్ మొక్కలు

మాస్టారు కుర్చీలోనే చనిపోయి ఉన్నారు. టేబుల్ మీద తల, చేతిలో పెన్ను, చేతి కింద నోట్‌బుక్, ఎదురుగా మూత తీయని కాఫీ ఫ్లాస్కు.

ఇంటి కింద సెల్లార్ అది. కిటికీ ఒక్కటీ లేదు. మూడు ఇనప ర్యాకులు, వాటి నిండా ట్రేల్లో టమాటా నారు, మిరప నారు, అక్కడక్కడ పూతకొచ్చిన మొక్కలు. ప్రతి అర మీదా గులాబీ రంగు గ్రో లైట్లు. గోడలకి సిల్వర్ షీట్. ఆ వెలుగులో ఎవరి మొహం చూసినా జ్వరం తగిలిన మొహంలాగే ఉంది.

ఇన్‌స్పెక్టర్ లోపలికి వచ్చేసరికి మధ్యాహ్నం 12:10. ఆవిడకి స్టేషన్లో జిడ్డు మేడమ్ అని పేరు. పట్టుకుంటే వదలదు. ఎదురుగా ఆ మాట అనేంత గుండె ధైర్యం ఎవరికీ లేదు.

"హార్ట్ ఎటాక్," అన్నాడు ఫ్యామిలీ డాక్టర్. "అరవై రెండేళ్ళు. నేను పదకొండుకి చూశాను. సర్టిఫికెట్ రాసేశాను కూడా."

"ఎన్ని నిమిషాలు చూశారు?"

"ఐదు."

డాక్టర్లకి తొందరెక్కువ. ఆవిడ నోట్‌బుక్‌లో 'ఐదు' అని రాసుకుంది.

మాస్టారి తమ్ముడు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. పై అంతస్తులో ఉండేది అతనే. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నాలుగింటికి అంత్యక్రియలు మేడమ్. అంతా సిద్ధం చేశాను. అన్నయ్యని కదిలించనివ్వకుండా వదిన ఇలా పోలీసుల్ని పిలిచి రచ్చ చేస్తోంది."

మాస్టారి భార్య భర్త కుర్చీ వెనకే నిలబడి ఉంది. చీర కొంగు నడుముకి బిగించి ఉంది. గోళ్ళలో మట్టి.

"పోయిన నెలే ఆయనకి గుండె పరీక్షలన్నీ చేయించాను. రాయిలా ఉందన్నారు. రెండు వారాల నించి మాత్రం రోజూ తలనొప్పి అంటున్నారు. ఆదివారం మా చెల్లెలి ఇంటికి వెళ్తే అక్కడ సుబ్బరంగా ఉన్నారు. నాలుగింటికి దహనం చేసేస్తే ఇంక నాకు ఎప్పటికీ తెలీదు."

నాలుగింటికి ఇంకా మూడు గంటల యాభై నిమిషాలు ఉంది.

"పొద్దున ఏం జరిగిందమ్మా?"

"ఏడింటికి మోటారు వేసి ట్యాంకు నింపాను. కాఫీ పెట్టి ఇచ్చాను. ఎనిమిదిన్నరకి నారు ట్రేలు ఇవ్వడానికి వెళ్ళాను. పది నలభైకి వచ్చాను. తలుపు తీస్తే ఇలా..." ఆమె ఆగింది. "మొహం మీద చల్లడానికి కుళాయి తిప్పితే చుక్క నీరు రాలేదు మేడమ్."

ఇన్‌స్పెక్టర్ పెన్ను ఆగింది. ట్యాంకు ఎలా ఖాళీ అయిందని అడగలేదు. రాసుకుంది, అంతే.

బాడీని స్ట్రెచర్ మీద పైకి చేర్చారు. 12:50. వాకిట్లో ఎండ ఫెళ్ళున కాస్తోంది. అంబులెన్స్ ఎక్కించే ముందు ఇన్‌స్పెక్టర్ దుప్పటి తొలగించింది.

"డాక్టర్ గారూ, ఇటు రండి."

డాక్టర్ వచ్చాడు. చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు.

గ్రో లైట్లు కిందే ఉండిపోయాయి. మాస్టారి చెంపలు మాత్రం ఇంకా గులాబీ రంగులోనే ఉన్నాయి.

"బ్లడ్ శాంపిల్ తీసుకుని మీరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి," అంది ఇన్‌స్పెక్టర్. "రిపోర్టు మూడింటిలోపు నా చేతిలో ఉండాలి. మీ సర్టిఫికెట్ చింపేయండి."

మరిది మొహం మారింది. "అంటే విషమా? విషమైతే మరి..." గొంతు తగ్గించాడు. "పొద్దున కాఫీ పెట్టింది వదినే. ఇంట్లో ఇంకెవరూ లేరు. నేను నోరు విప్పకూడదనుకున్నాను."

మాస్టారి భార్య అతని వైపు చూసింది. ఫోన్ చేసిన పాపానికి అది తన మెడకే చుట్టుకుంటోందని ఆమెకి అప్పుడే అర్థమైంది.

"ఫ్లాస్కు ల్యాబ్‌కి పంపించండి," అంది ఇన్‌స్పెక్టర్ కానిస్టేబుల్‌తో. "మూత ఎవరూ తీయలేదు. అయినా పంపించండి."

1:15. ఆవిడ మళ్ళీ సెల్లార్‌లోకి దిగింది. ఈసారి ఒంటరిగా. మాస్టారి చేతి కింద ఉన్న నోట్‌బుక్ తెరిచింది.

అది మొక్కల డైరీ. ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పిన మనిషి రాత ముత్యాల్లా ఉంది.

*4వ తేదీ: ఒకటో ర్యాక్ ఎదగడం లేదు. లైటు రెండంగుళాలు దించాను.*

*7: ఆకులు కిందికి వంగుతున్నాయి. వేడి ఎక్కువైందేమో. లైటు పైకెత్తాను.*

*9: మెకానిక్ కొత్త లైటు బిగించాడు. పూత రాలుతోంది.*

*11: ఒకటో ర్యాక్ ట్రేలు మూడో ర్యాక్‌కి, అక్కడివి ఇక్కడికి మార్చాను.*

*18: మార్చినవి కోలుకున్నాయి. ఇక్కడికి తెచ్చినవి గిడసబారాయి. మళ్ళీ కొత్త లైటు.*

*19: వెలుగు చాలడం లేదు. గోడలన్నిటికీ సిల్వర్ షీట్.*

*22: రెండో ర్యాక్‌కి కూడా పాకింది.*

ఇవాళ 24. తేదీ రాశారు. పక్కన ఏమీ లేదు.

లైట్ల మెకానిక్‌ని పిలిపిస్తే పది నిమిషాల్లో వచ్చాడు. వస్తూనే మీటర్ తీశాడు.

"మీరే చూడండి మేడమ్. మూడు ర్యాకులకీ ఒకటే రీడింగ్. రెండుసార్లు మార్చాను. మాస్టారికి చెప్తే వినలేదు. తప్పు లైటుదే అంటారు. లైట్ల కింద పెంచేవాళ్ళందరికీ ఇదే జబ్బు. ఆకు రాలినా లైటే, పురుగు పట్టినా లైటే."

"లైటు మార్చినా ఎదగలేదు. మొక్కల్ని మార్చినా ఎదగలేదు. అదే మొక్క చోటు మారిస్తే బాగుపడింది," అంది ఇన్‌స్పెక్టర్. "అంటే రోగం చోటుది. ఈ ర్యాక్ వెనక ఏముంది?"

"చెక్క పార్టిషను. దాని వెనక పై వాటా గ్యాస్ గీజర్."

ఆవిడ చెక్క తలుపు లాగి టార్చ్ వేసింది. పొగ బయటికి పంపే పైపు గోడ దాకా వెళ్ళలేదు. జాయింటు దగ్గర ఊడి, మూతి సరిగ్గా ఒకటో ర్యాక్ వైపు తిరిగి ఉంది. పైపుకి ఉన్న క్లిప్పు విరగలేదు. స్క్రూ తీసి పక్కన పెట్టి ఉంది.

తల ఎత్తి పై గోడ చూసింది. గాలి పోయే వెంట్ ఉండాల్సిన చోట నున్నగా సిల్వర్ షీట్ మెరుస్తోంది.

వ్యవసాయ కాలేజీ ప్రొఫెసర్‌తో ఫోన్లో నాలుగు నిమిషాలు మాట్లాడింది. తర్వాత వేలిముద్రల వాళ్ళని పిలిచింది.

3:15. సెల్లార్‌లో నాలుగు కుర్చీలు. డాక్టర్, మెకానిక్, మాస్టారి భార్య, మరిది. ఇన్‌స్పెక్టర్ తలుపు మూసి, గొళ్ళెం పెట్టింది.

"రిపోర్టు వచ్చింది. రక్తం నిండా కార్బన్ మోనాక్సైడ్. చెంపలకి ఆ గులాబీ రంగు దానివల్లే. కాఫీలో కాఫీ తప్ప ఏమీ లేదు."

మాస్టారి భార్య కళ్ళు మూసుకుంది. మరిది నుదురు తుడుచుకున్నాడు.

"నాలుగో తేదీకి ముందు ఈ ఇంట్లో ఏదైనా రిపేరు జరిగిందా అమ్మా?"

"మరిదిగారు గీజర్ బాగు చేసుకున్నారు."

"అంతకు ముందు రోజూ పొద్దున ఎవరైనా మాస్టారితో కలిసి ఇక్కడ కాఫీ తాగేవారా?"

"మరిదిగారే. తొమ్మిదింటికి దిగేవారు. ఈ నెలలో పని ఎక్కువైందని రావడం మానేశారు."

"ఇల్లు అమ్ముదామని అడిగింది ఎవరు?"

"ఆయనే. మొక్కల్ని తీసుకుని ఎక్కడికి పోతానురా అని మా ఆయన ఒప్పుకోలేదు."

"ఇదేం విచారణ?" అన్నాడు మరిది. "అన్నిటికీ నేనేనా?"

"మీ స్నానం ఎంతసేపు పట్టింది ఇవాళ?"

"పది నిమిషాలు."

"ఏడింటికి నిండిన ట్యాంకు పది నలభైకి ఖాళీ. పది నిమిషాల్లో అన్ని నీళ్ళా?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్లో ఒక బటన్ నొక్కింది. పై అంతస్తులో కానిస్టేబుల్ వేడినీళ్ళ కుళాయి తిప్పాడు.

చెక్కల వెనక గీజర్ భగ్గుమంది.

మరిది దిగ్గున లేచాడు. రెండంగల్లో తలుపు దగ్గరున్నాడు. గొళ్ళెం మీద చెయ్యి వేశాడు. రుమాలు అడ్డం పెట్టుకునే టైము కూడా తీసుకోలేదు, ఊపిరి బిగబట్టేశాడు.

"ఎక్కడికి?" అంది ఇన్‌స్పెక్టర్.

"బయట... బయట మాట్లాడుకుందాం."

"వేలిముద్రలు తీశాక మధ్యాహ్నమే పైపు బిగించాం. వెంట్ తెరిచాం. ట్యాంకు నింపాం. ఇక్కడ ఇప్పుడు ఏ గ్యాసూ లేదు. పైపు ఊడిందని గానీ, విషం గీజర్ నించి వచ్చిందని గానీ నేనింకా ఎవరికీ చెప్పలేదు. నలుగురు కూర్చున్నారు. మీరొక్కరే లేచారు."

అతని చెయ్యి గొళ్ళెం మీంచి జారింది.

"గ్యాస్ సరిగ్గా కాలకపోతే రెండు విషాలు వస్తాయి," అంది ఆవిడ డాక్టర్ వైపు తిరిగి. "ఒకటి మనిషిని చంపేది. రెండోది ఎథిలీన్. అది మొక్కని గిడసబారుస్తుంది, ఆకు వంచుతుంది, పూత రాలుస్తుంది. రెండు వారాలకి పైగా ఆ వెంట్ మాస్టారిని కాపాడింది. అందుకే తలనొప్పితో సరిపోయింది. 19న అది మూసుకుపోయింది. ఇవాళ వదినగారు గుమ్మం దాటగానే ఈయన కుళాయి తిప్పి వదిలేశాడు, నీళ్ళు అయిపోయేదాకా. నీళ్ళతో పాటే గీజరూ ఆరిపోయింది. చూడ్డానికి ఏమీ మిగల్లేదు."

3:40కి మరిదిని జీపు ఎక్కించారు. మెట్లెక్కుతూ అతను వదిన వైపు తిరగలేదు.

డాక్టర్ తలొంచుకుని వెళ్ళిపోయాడు. మెకానిక్ వెనకే వెళ్ళాడు. మాస్టారి భార్య కుర్చీలోంచి కదల్లేదు.

"ఆ షీట్ అంటించింది నేనే మేడమ్," అంది. "ఆయన నిచ్చెన పట్టుకున్నారు. ఈ రంధ్రం కూడా మూసెయ్యనా అని అడిగాను. వెలుగు వృథా అవుతోంది, మూసెయ్ అన్నారు. నేను అది మూయకపోతే ఆయన బతికేవారా?"

ఇన్‌స్పెక్టర్ ఇరవై ఏళ్ళలో దొంగలకి బోలెడు అబద్ధాలు చెప్పింది. ఈమెకి ఒక్కటి చెప్పడానికి గట్టిగా ప్రయత్నించింది. నోరు రాలేదు.

"బతికేవారేమో," అంది.

ఆమె తలూపింది. తర్వాత ఏడ్చింది. ఇన్‌స్పెక్టర్ పక్క కుర్చీలో కూర్చుని, వాచీ చూసుకోకుండా, ఉండిపోయింది.

"ఆయన్ని ఎప్పుడు తెస్తారు?"

"రేపు పొద్దున."

"ఇక్కడికి వద్దని చెప్పండి," అందామె కళ్ళు తుడుచుకుంటూ. "పైన ముందు గదిలో పడుకోబెట్టమనండి. అక్కడ నాలుగు కిటికీలున్నాయి."