బుధవారం పూట శవాల కథ

బుధవారం పొద్దున్నే లోర్నా మొగుడికి ఓట్స్ జావ తినిపిస్తోంది. చెంచాడు లోపలికి వెళితే అరచెంచాడు గడ్డం మీదికి వస్తోంది. డ్వైట్‌కి పక్షవాతం వచ్చి మూడేళ్ళయింది. కుడిచెయ్యి, మాట రెండూ ఒక్కసారే పడిపోయాయి. గాజు ఫ్యాక్టరీలో కొలిమి ముందు పాతికేళ్ళు నిలబడ్డ మనిషి ఇప్పుడు కిటికీ పక్క మంచంలో పడుకుని ఒహాయో మంచు కేసి చూస్తూ ఉంటాడు.

"ఇవాళ బుధవారం, గుర్తుందా?" అంది లోర్నా మూతి తుడుస్తూ.

డ్వైట్ మొహంలో ఎడమవైపు నవ్వింది.

కొత్త కామిక్ పుస్తకాలు కొట్లోకి వచ్చేది బుధవారాలే. ఎప్పుడూ కొనేవాళ్ళ పేరు మీద ఒక అర కేటాయించి, వాళ్ళ పుస్తకాలు అందులో దాచిపెడతారు. డ్వైట్ అరలోకి నెలకోసారి వచ్చేది 'ఆఖరి కంచె'. చచ్చినవాళ్ళు లేచి మనుషుల్ని పీక్కుతినే లోకంలో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగే పిడికెడు మంది కథ అది. మొదట్లో లోర్నాకి దాన్ని చూస్తేనే వెగటు. "శవాల్ని డబ్బిచ్చి కొనుక్కోవాలా? చర్చి వెనకాల కావలసినన్ని ఉన్నాయి" అని దెప్పేది. మొగుడు మంచాన పడ్డాక కాలక్షేపానికి తనే చదివి వినిపించడం మొదలుపెట్టింది. ఇప్పుడు పుస్తకం వచ్చే రోజున కొట్టు తలుపు తియ్యకముందే గుమ్మంలో నిలబడేది ఆవిడే.

ఈసారి మాత్రం, వారం రోజులు ఉండి వెళదామని కొలంబస్ నుంచి వచ్చిన కూతురు టెస్సా "నేను తెస్తాలే అమ్మా, కాసేపు కూర్చో" అని తనే వెళ్ళింది. పాలు, రొట్టె, గుడ్లు తెచ్చింది.

"పుస్తకమేదే?" అంది లోర్నా సంచీ అడుగుదాకా తడిమి.

టెస్సా కోటు విప్పుతూ, "నాన్న పేరు మీదున్న అర తీసేయమని చెప్పొచ్చాను" అంది.

"తీసేయమన్నావా?"

"ఆ. కొట్టువాడు పుస్తకం తీసి బల్ల మీద పెట్టాడు. నేను గుమ్మం దాటేలోపే ఎవరో ఎగరేసుకుపోయారు. పోనీలే అమ్మా! పోయినసారి నువ్వు చదువుతుంటే నాన్న ఏడవడం నా కళ్ళారా చూశాను."

"మీ నాన్న వాతావరణ వార్తలకి కూడా ఏడుస్తాడు. సబ్బు ప్రకటనకీ ఏడుస్తాడు. జబ్బు అలాంటిదని డాక్టరు నీ ఎదురుగానే చెప్పాడు."

"అయినా మంచంలో ఉన్న మనిషి పక్కన కూర్చుని చావుల గురించి ఎవరైనా చదువుతారా? పాస్టరు గారి భార్య మంచి పుస్తకాలిచ్చిందిగా, ఆశ కలిగించేవి!"

"ఆశా?" లోర్నా చేతిలో తువ్వాలు కింద పడేసింది. "ఆవిడ నూడుల్స్ గిన్నె పట్టుకొచ్చి, 'మోయలేని బరువు దేవుడివ్వడు లోర్నా' అంటుంది. ఆ గిన్నె కడిగి తిరిగివ్వడం కూడా నాకు బరువే. నువ్వేమో ఫోన్లో 'అంతా సర్దుకుంటుందమ్మా' అంటావు. ఏం సర్దుకుంటుందే? మీ నాన్న లేచి నడుస్తాడా? ఆ పుస్తకంలో ఒక్కళ్ళు కూడా నాకా మాట చెప్పరు. మందు లేదు, ఎవరూ సాయం రారు అని మొదట్లోనే చెప్పేశారు. అయినా తెల్లారితే లేస్తారు. నీళ్ళు కాచుకుంటారు. కాలు లేనివాణ్ణి బండిలో కూర్చోబెట్టి తోసుకుపోతారు. ఎందుకు తోస్తున్నావని ఎవడూ అడగడు. అది చదివినంతసేపూ ఇలా బతికేది నేనొక్కదాన్నే కాదనిపిస్తుంది. నాకున్నది అదొక్కటే. దాన్నీ తీసేయించొచ్చావు."

టెస్సా కింద పడ్డ తువ్వాలు తీసి మడత పెట్టింది.

"నాన్న కోసం చదువుతున్నావనుకున్నాను."

"నేనూ అలాగే చెప్పుకుంటూ వచ్చాను" అంది లోర్నా.

టెస్సా విప్పిన కోటు మళ్ళీ తొడుక్కుని, కారు తాళాలు తీసుకుని వెళ్ళిపోయింది. అలిగింది కాబోలు అనుకుంది లోర్నా. అలకలు తీర్చే ఓపిక ఆవిడకి లేదు. డ్వైట్‌ని అటు పక్కకి తిప్పి, దుప్పట్లు మార్చి, వీపుకి పౌడరు రాసి, మధ్యాహ్నానికి కుర్చీలో కూలబడి కళ్ళు మూసుకుంది.

చాలాసేపటికి తలుపు చప్పుడైంది.

"అమ్మని లేపకు నాన్నా" అని టెస్సా గొంతు మెల్లగా వినిపించింది. "మనూళ్ళో దొరకలేదు, పక్క ఊరు వెళ్ళి తెచ్చాను. మన కొట్లో అర మళ్ళీ పెట్టమన్నాను. ఈసారి అమ్మ పేరు మీద."

లోర్నా కళ్ళు తెరవలేదు.

టెస్సా చదవడం మొదలుపెట్టింది. బళ్ళో పాఠం అప్పజెప్పినట్టుంది. "ఇక్కడ శవం 'గ్ర్ర్ర్' అంటుంది" అనగానే డ్వైట్ విసుగ్గా మూలిగాడు. "ఏమిటీ, అరవాలా? అమ్మ అరుస్తుందా?" అని నవ్వి, గొంతు చించుకుని గుర్రుమంది. డ్వైట్ మురిసిపోయాడు. నవ్వు ఆపుకోవడానికి లోర్నా పళ్ళు బిగపట్టాల్సి వచ్చింది.

పేజీలు తిరుగుతున్నాయి. ఒకచోట టెస్సా ఆగిపోయింది.

"ఊఁ" అన్నాడు డ్వైట్.

"ఈ పేజీలో మాటల్లేవు నాన్నా. బొమ్మే ఉంది."

"ఊఁ!"

"సరే, కనిపించింది చెప్తా. అప్పుడే తెల్లారుతోంది. అందరూ లోపల పడుకున్నారు. ఒకావిడ బయట గోడకి ఆనుకుని కూర్చుంది. రాత్రంతా కాపలా కాసినట్టుంది. జుట్టు చెదిరిపోయింది. కళ్ళ కింద నల్లగా..." పుస్తకం మూసిన చప్పుడైంది. "ఆవిడ బాగా అలిసిపోయింది నాన్నా. వచ్చినప్పుడల్లా చూస్తూనే ఉన్నాను. నాకు కనపడనే లేదు."

మూసిన కళ్ళలోంచే లోర్నాకి నీళ్ళు కారి చెంపల మీదికి దిగాయి. ఎలా ఉన్నావని అడిగినవాళ్ళు బోలెడుమంది. అలిసిపోయావన్నవాళ్ళు ఇన్నాళ్ళకి ఒక్కళ్ళు. ఆవిడకి తుడుచుకోవాలని కూడా అనిపించలేదు.

టెస్సా వచ్చి ఆ తడి చూసింది. మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో అమ్మ మొహం తుడిచింది.

"లోపలికెళ్ళి పడుకో అమ్మా. నాన్న దగ్గర నేనుంటా."

వద్దనాలని లోర్నాకి నోటిదాకా వచ్చింది. కానీ అనలేదు. లేచి గదిలోకి వెళ్ళి, తలుపు మూసుకుని, ఎవరి మూలుగుకీ చెవి ఒగ్గకుండా పడుకుంది. నిద్రపట్టేసింది.