నోండా మీద నింద

తుమున్ బోర్లా పడి ఉన్నాడు.

పెద్ద పెళ్లాం మోయి ఇంటి వెనక, చిలగడదుంప తోట కాలవలో. వీపులో ఈటె. కుడి చేతిలో నార తాడు.

సార్జెంట్ కెరెంగా జీపు దిగి, గట్టు మీద గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. చుట్టూ ఊరంతా ఉంది. ఒంటికి బంకమట్టి పూసుకుని ఏడుస్తున్నారు. కానీ ఎవరి మొహంలోనూ కోపం లేదు. వాహ్గీ లోయలో మనిషిని పొడిచి చంపితే కోపం లేకపోవడమేమిటి? అది ఆయనకు నచ్చలేదు.

"చంపిందెవరు?"

"ఎవరూ కాదు సార్జెంటూ." జవాబు చెప్పింది గోయి, చచ్చినవాడి తమ్ముడు. "నిన్న పొద్దున కాయిబెల్‌కి నోండా ఎక్కింది. ఈటెలు పట్టుకుని ఊరంతా తరిమాడు. మా అన్నకి తగిలింది. నోండా ఎక్కినోడి మీద పగ లేదు, జరిమానా లేదు. రాసుకుని వెళ్లిపో."

"నాకు నేర్పిస్తున్నావా? నేనూ ఈ లోయలోనే పుట్టాను."

"పుట్టావులే. పట్నం తిండి తిని మర్చిపోయావేమోనని."

కెరెంగా మర్చిపోలేదు. కొండ మీద ఓక్ చెట్ల కింద లేచే ఎర్ర పుట్టగొడుగు నోండా. ఏడాది పొడుగునా తింటారు, ఏమీ కాదు. ఎండలు ముగిసే ఈ కొద్ది రోజుల్లో మాత్రం కొన్ని ఇళ్లవాళ్లకు తలకెక్కుతుంది. చెవులు వినపడవు. ఒకటి రెండుగా కనపడుతుంది. వాడు తరుముతాడు, ఊరు నవ్వుతూ పరిగెడుతుంది. మర్నాడు వాణ్ణి ఆటపట్టిస్తారు. కథ ఎప్పుడూ అక్కడితో సరి.

ఆయన ఎరిగినంతలో దాని వల్ల ఎవరూ చావలేదు.

కాయిబెల్, ఊరి మగవాళ్లంతా కలిసి పడుకునే మగాళ్ల ఇంటి చూరు కింద మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చున్నాడు. భార్య డోక్పా వెనక నిలబడి ఉంది.

"నోండా తిన్నావా?"

"తిన్నా."

"ఎవరు కాల్చారు?"

"నేనే," అంది డోక్పా. ఆకులో మిగిలినవి తెచ్చి చూపించింది. పచ్చివి కూడా రెండున్నాయి.

కెరెంగా ఒకదాన్ని తిప్పి చూశాడు. అడుగున రేకులు లేవు, స్పాంజిలా మెత్తగా ఉంది. గోటితో గిల్లాడు. పసుపు కండ చూస్తుండగానే నీలమైంది. అసలు నోండాయే. అనుమానం ఒకటి తగ్గింది.

"తుమున్ కనపడ్డాడా?"

"ఇద్దరు తుమున్లు కనపడ్డారు. ఇద్దరూ నవ్వుతున్నారు. ఈటె విసిరా. తర్వాత నదిలో తెలివొచ్చింది." మోకాళ్ల మీంచి తలెత్తాడు. "మా పెదనాన్న కొడుకు వాడు. చిన్నప్పుడు ఒకే దుంప చెరో పక్కన కొరికేవాళ్లం. పగ లేదు, పగ లేదు అంటారు అందరూ. పాతిపెట్టే ముందు నా వేలు నేనే నరుక్కుంటా."

సొంత అన్న పోతే వేలి కణుపు తీసేవాళ్లు పాతకాలంలో. ఇప్పుడెవరూ చెయ్యడం లేదు. భార్య అన్నది వద్దని కాళ్లు పట్టుకోవాలి. డోక్పా నేల చూపులు చూస్తోంది.

ఈమెకేదో తెలుసు.

కెరెంగా మళ్లీ గోయి దగ్గరకు వచ్చాడు. అన్న పోతే తోట దక్కేది వీడికే.

"నిన్న కాయిబెల్ తరిమినప్పుడు ఎక్కడున్నావు?"

"తోటలో."

"ఏ తోటలో?"

"పై తోటలో. అంటే, కింది తోటలో."

"పైదా? కిందిదా?"

ఏడుస్తున్న ఆడవాళ్లలో ఒక ముసలమ్మ ముక్కు తుడుచుకుంది.

"పైనే ఉన్నాడులే నాయనా. కొండ మొగలి చెట్టు పైన. భయంతో ఎక్కాడు, దిగడం చేతకాలేదు. మేం వెళ్లి దించేదాకా కోడిపిల్లలా అరిచాడు."

శవం పక్కనే నలుగురు నవ్వాపుకోలేకపోయారు. గోయి మొహం మాడిపోయింది. కానీ చంపలేదనడానికి ఇంత గట్టి సాక్ష్యం ఎవరికి దొరుకుతుంది?

ఈలోగా కానిస్టేబుల్ కాయిబెల్ విసిరిన మిగతా ఈటెలు ఏరుకొచ్చాడు. అరటి బోదెల కింద, కంచె దగ్గర, దారిలో దొరికాయి. అన్నిటికీ మొన నరికేసి ఉంది. తుమున్ వీపులో దిగినదానికి మాత్రం ముళ్లున్న మొన.

"ఇది కూడా నీదేనా?"

"నాదే," అన్నాడు కాయిబెల్. "యుద్ధం ఈటె. మా నాన్న చెక్కింది."

"ఎక్కడ పెడతావు?"

"మగాళ్ల ఇంట్లో, పొయ్యి మీది అటకలో."

పొయ్యి మీద ఉంటే మసి పట్టాలి. కెరెంగా కర్రను బొటనవేలితో రుద్దాడు. పాత మసి ఉంది, కానీ సగం చెరిగిపోయింది. మొన దగ్గర కట్టుకు పూసిన జిగురులో ఏవో అంటుకున్నాయి. కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు.

తెల్లటి, బిరుసు వెంట్రుకలు.

గుంట తవ్వడం అయింది. కెరెంగా అందర్నీ కూర్చోమన్నాడు.

"ఈ ఊరి ఆడవాళ్లందరికీ తెలిసి, మగాళ్లకు తెలియని సంగతి ఒకటుంది. నోండా రోజులు రాగానే మా అమ్మ నన్ను పంపి, మా నాన్న ఈటె మగాళ్ల ఇంట్లోంచి తెప్పించేది. తన ఇంట్లో దాస్తే ఆయన వెతుకుతాడని తోడికోడలి ఇంట్లో, పందులు పడుకునే గది గోడలో దూర్చేది. అటక మీద మొన లేనివి పెట్టించేది. నాన్న ప్రతి ఏడూ ఊరంతా తరిమేవాడు. ఎవరూ చావలేదు."

మగాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"మా ఈటెలు పందుల పక్కన పెడతారా?" అన్నాడో ముసలాయన.

"నీ పక్కన ఉండేకంటే నయం," అంది అతని భార్య.

"ఈ ఈటెకు తెల్ల పంది వెంట్రుకలు అంటుకున్నాయి," అన్నాడు కెరెంగా. "డోక్పా పందులు నల్లవి. ఊళ్లో తెల్ల పంది ఎవరిది?"

మోయి కంచె అవతల చెవి చిరిగిన తెల్ల పంది మట్టి కుళ్లగిస్తోంది.

"తుమున్ చేతిలో తాడు చూసి, పిచ్చివాణ్ణి కట్టడానికి తెచ్చుకున్నాడనుకున్నారు మీరు. మనిషిని కట్టాలంటే అడవి తీగ తెస్తారు. ఇది పంది కాలికి వేసే ఉచ్చు. ఊరంతా పరిగెడుతుంటే అతను తీరిగ్గా పందిని తోలుకుపోవడానికొచ్చాడు. డోక్పా, నీ మొగుడి ఈటె ఎవరింట్లో దాచావు?"

కాయిబెల్ లేచాడు. "ఆడోళ్ల సంగతులు నాకెందుకు? నేను వాడి మీద ఈటె విసిరా. అది నాకు గుర్తుంది." దుంగ మీద ఎడమ చెయ్యి పెట్టాడు. గొడ్డలి ఎత్తాడు.

కానిస్టేబుల్ ముందుకు కదిలాడు. కెరెంగా అతని భుజం పట్టుకుని ఆపాడు. ఆయన కాయిబెల్‌ను చూడటం లేదు.

"గొడ్డలి దించు మరిదీ," అంది మోయి.

మట్టి పూసుకున్న మొహంలో కళ్లు మాత్రమే కదిలాయి.

"ఆ మనిషి కోసం నీ వేలెందుకు? ఆ పంది తల్లి దాన్ని ఈనగానే చచ్చిపోయింది. దుంప నమిలి నోట్లో పెట్టి పెంచాను. దాన్ని మూడో పెళ్లాం పుట్టింటికి ఇచ్చేస్తానన్నాడు. వద్దని ఏడ్చాను. నవ్వాడు. నిన్న నేను కాలవలో దాక్కుని చూస్తుంటే దాని కాలికి తాడేశాడు. అది నన్ను పిలిచినట్టే అరిచింది. ఇంట్లోకెళ్లాను. గోడలో ఈటె ఉంది." ఆగి, డోక్పా వైపు తిరిగింది. "నువ్వెందుకే చెప్పలేదు?"

"నోండా మీద పడితే ఎవరికీ ఏమీ కాదుగా అక్కా. చెప్తే నిన్ను తీసుకెళ్లిపోతారు."

కెరెంగా మోయిని జీపు దగ్గరకు నడిపించాడు. కేసు తేలినందుకు ఆయనకేమీ సంతోషంగా లేదు. ఎక్కబోతూ ఆమె వెనక్కి చూసింది.

"డోక్పా, చేత్తో పెడితేనే తింటుందది. కింద పారెయ్యకు."

జీపు కదిలింది. కాయిబెల్ ఇంకా దుంగ దగ్గరే ఉన్నాడు.

"నేను చంపలేదని నీకు నిన్నటి నుంచే తెలుసా?"

"తెలుసు," అంది డోక్పా.

"నా వేలు తెగేదాకా చూస్తూ ఉండేదానివా?"

డోక్పా బుట్టలోంచి దుంప ఒకటి తీసుకుని, తెల్ల పంది దగ్గరకు వెళ్లింది.