రెండు పేజీల్లో పట్టని వాక్యం

ఆఫీసులో అందరూ ఆవిణ్ణి కత్తెరమ్మ అనేవాళ్ళు. ఎదురుగా కాదు లెండి, వెనకాల. నూట ఇరవై పేజీల నివేదిక చేతికిస్తే చాలు, సాయంత్రానికల్లా దాన్ని రెండు పేజీలు చేసి బల్ల మీద పెట్టేది. ప్రభుత్వానికి సలహాలు రాసిచ్చే సంస్థ అది. థింక్ ట్యాంక్ అంటారే, అదన్నమాట. లావుపాటి నివేదికలు ఎవడు చదువుతాడు? శాఖలో పెద్దలు చూసేది ముందున్న ఆ రెండు పేజీలే. ఒక్కోసారి వాటినే పొల్లు పోకుండా ఎత్తి నిబంధనల్లో పెట్టేసుకుంటారు. తన మాటలే నిబంధనలవుతున్నాయని కత్తెరమ్మ ఒకప్పుడు తెగ మురిసిపోయేది.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఆఫీసులో ఆవిడ ఒక్కతే ఉంది. బయట వాన. అద్దాల తలుపు పక్కన బోర్డు మీద ‘లోపల ఉన్నవారు: 1’ అని ఎర్రటి అక్షరాలు. తలుపు తీసేదీ, లోపల ఎందరున్నారో లెక్కపెట్టేదీ ఏఐ కెమెరానే. బోర్డు సున్నా చూపించిందంటే వాచ్‌మన్ షట్టరు దించేసి ఇంటికి పోతాడు. ఆవిడ కుర్చీలోంచి చూస్తే ఆ బోర్డు కనిపిస్తుంది.

చేయాల్సిన పని చిన్నదే. రెండేళ్ళ కిందట దేశ భద్రత కోసమని సరిహద్దు ఏఐ గేట్ల మీద ఒక నివేదిక రాశారు. ఈ ఆఫీసు తలుపుకున్నలాంటి కెమెరానే ఆ గేట్లకీ ఉంటుంది. అవే గేట్లు ఇప్పుడు వంతెనలకీ రైల్వే స్టేషన్లకీ పెడతారట. పాత రెండు పేజీలనే కాస్త మార్చి ఐదింటిలోగా పంపాలి. రేపు పొద్దున సంతకాలు. అయినా రెండు గంటలుగా ఆవిడ ఒక్క ముక్క రాయలేదు.

ఎందుకంటే పాత నివేదికలో ఒక వాక్యం ఉండేది. గేటును పరీక్షించిన ముసలి ఇంజనీరు పట్టుబట్టి రాయించిన వాక్యం. ‘వానకి ప్లాస్టిక్ పట్టా కప్పుకున్నవారినీ, వీపున పిల్లల్ని మోసేవారినీ ఈ యంత్రం మనుషులుగా గుర్తించకపోవచ్చు, కాబట్టి ఒక మనిషి కళ్ళారా చూడనిదే గేటు కదలకూడదు.’ రెండు పేజీల్లో అది పట్టలేదు. కత్తెరమ్మ ముందు దాన్ని అడుగున చిన్నక్షరాల్లోకి దించింది. తర్వాత ఆ చిన్నక్షరాల్నీ లేపేసింది.

ఇంజనీరు గోల పెడితే, “నలభయ్యో పేజీలో ఉందిగా సార్!” అంది నవ్వుతూ.

“నలభయ్యో పేజీ నువ్వు చదువుతావామ్మా?” అన్నాడాయన. ఆ వారమే ఉద్యోగం మానేశాడు.

ఆరు నెలల కిందట, ఇలాంటి వానలోనే, ఒక తల్లి పిల్లను వీపున కట్టుకుని, పైన ప్లాస్టిక్ పట్టా కప్పుకుని సరిహద్దు గేటు దాటుతోంది. దారిలో మనుషులెవరూ లేరనుకుంది యంత్రం. ఇనుప గేటు మూసుకుంది. ఇద్దరూ బతకలేదు. అంతా నిబంధనల ప్రకారమే జరిగిందని విచారణలో తేల్చి చేతులు దులుపుకున్నారు. ఆ నిబంధన కత్తెరమ్మ రాసిందే, కామాతో సహా. అప్పట్నించీ కూతురు స్కూలు సంచి వీపుకి తగిలించుకుంటుంటే ఆవిడ తల పక్కకి తిప్పేసుకుంటోంది. సిగ్గు. ఎవరైనా నాలుగు తిట్టినా బాగుండేది, కానీ ఎవరికీ తెలియదాయె!

మూడున్నరకి, పోనీ ఇప్పుడైనా అనుకుని, ఆవిడ ఆ వాక్యం మళ్ళీ టైపు చేసింది. ఆర్నెల్ల తర్వాత మొదటిసారి కాస్త ఊపిరాడింది.

అప్పుడే నడవాలో ఒక దీపం వెలిగింది. మనిషి కదిలితేనే వెలిగే దీపాలవి. తలుపు దగ్గరిది ముందు వెలిగింది. తర్వాత దాని ఇవతలది. ఆ తర్వాత మూడోది...

“ఎవరూ?” అంది.

తడిసిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. సరసరమని చప్పుడు. దాని వెంటే చిన్న దగ్గు, పసిపిల్లల దగ్గు. బోర్డు వైపు చూసింది.

‘లోపల ఉన్నవారు: 3.’

సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. డైరెక్టరు గారు.

“ఏమ్మా, అయిందా?”

“సార్... ఆ పాత వాక్యం ఈసారి పెడదామని...”

“ఇప్పుడు పెడితే అప్పుడెందుకు లేదని అడగరూ? తీసిందెవరో వెతకరూ? నాదేముందమ్మా, ఫైల్లో పేరు నీది.”

ఆవిడకి కూతురు గుర్తొచ్చింది. పేపర్లో తన పేరు గుర్తొచ్చింది. “సరే సార్” అంది చివరికి.

ఫోన్ పెట్టేసరికి వాసన సరిగ్గా కుర్చీ వెనక ఉంది. మెడ మీద ఒక నీటి చుక్క పడింది. ఇంకొకటి...

“అమ్మా...” చెవి పక్కన గుసగుస. కోపం లేదు అందులో. బతిమాలుతున్న గొంతు. “ఒక్కసారి చూడండమ్మా...”

అంతే అడిగింది. వెనక్కి తిరిగి చూడమంది. కత్తెరమ్మ తిరగలేదు. కళ్ళు తెరకి అప్పగించి, ఆ వాక్యాన్ని ఒక్కో అక్షరం చెరిపింది. పంపు అన్న బటన్ నొక్కింది. సిగ్గుతో చెవులు మండిపోయాయి. భయం కంటే సిగ్గే ఎక్కువైంది ఆ క్షణంలో.

వెనక గుసగుస ఆగిపోయింది. నడవాలో దీపాలు ఈసారి తలుపు వైపు వెలుగుతూ పోయాయి. బోర్డు మీద అంకె మారింది.

‘లోపల ఉన్నవారు: 1.’

హమ్మయ్య, ఇద్దరూ పోతున్నారనుకుంది. ఇంతలో అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంది. ఎవరికో దారిచ్చి మళ్ళీ మూసుకుంది. గడప అవతల తడి పాదాల గుర్తులు పడ్డాయి.

‘లోపల ఉన్నవారు: 0.’

“అయ్యో... నేనున్నాను!” కత్తెరమ్మ పరుగెత్తింది. దారిలో ఒక్క దీపం వెలగలేదు. తలుపు ముందు నిలబడింది, చెయ్యి ఊపింది. తలుపు కదల్లేదు.

బయట వాచ్‌మన్ తన గదిలోంచి వచ్చాడు. ఆవిడ అద్దం మీద దబదబా బాదింది. వాన హోరులో అతనికి వినపడలేదు. చేతిలో ఉన్న చిన్న తెర చూసుకున్నాడు. సున్నా. షట్టరు మీట నొక్కి, గొడుగు విప్పుకున్నాడు.

“ఒక్కసారి ఇటు చూడవయ్యా... ఒక్కసారి చూడు...”

అతను చూడలేదు. చూడాల్సిన అవసరం లేదని నిబంధన. షట్టరు కిందికి దిగుతోంది.

అప్పుడు తెలిసింది ఆవిడకి, తన వీపు మీద ఏదో బరువుందని. ఎప్పట్నించి ఉందో తెలియదు. రెండు చిన్న తడి చేతులు మెడ చుట్టూ మెల్లగా బిగుసుకున్నాయి. చెవి పక్కన చిన్న దగ్గు.

ఇప్పుడైనా తిరిగి చూడొచ్చు. కత్తెరమ్మ తల దించుకుంది.