నోరున్న బావి

ఆ బావికి సిపాయిలు పెట్టిన పేరు అది. రెండు సేనల కందకాలకీ మధ్య, మనుషులు వదిలేసి పోయిన ఒక పెంకుటిల్లు... దాని పెరట్లో ఈ బావి. చీకటి పడ్డాక వంగి చూస్తే లోపలి నుంచి పిలుస్తుందనేవాళ్లు. నీళ్లకని వెళ్లిన ఇద్దరు ఖాళీ డబ్బాలతో పరిగెత్తుకొచ్చి, తెల్లారేదాకా నోట మాట లేకుండా పడి ఉన్నారు.

ఈ సంగతి అక్కడి ఒక దళంలో ‘నాగలి’ అనే మనిషికి జరిగింది. విన్నది విన్నట్టు చెబుతున్నాను. దుక్కి సగంలో ఉండగా సైన్యం నుంచి పిలుపు వచ్చిందట. అరక విప్పి, ఎడ్లను భార్యకి అప్పగించి, కాళ్ల మట్టైనా కడుక్కోకుండా బండెక్కాడు. తుపాకి పట్టడం రావడానికి నెలలు పట్టింది గానీ, కందకం తవ్వమంటే మాత్రం చేను దున్నినట్టు తవ్వుకుంటూ పోయేవాడు. ఆ పేరు అలా వచ్చింది.

అతని బావమరిదీ అదే దళంలో ఉండేవాడు. “తమ్ముణ్ని నీ వెంట తిరిగి తీసుకురా” అంది భార్య, బండి కదిలేటప్పుడు. ఆ బావమరిది ఒక రాత్రి గస్తీకి వెళ్లి తిరిగి రాలేదు. పోయాడనే అనుకున్నారు అందరూ.

ఆ తర్వాత కొద్దిరోజులకే కందకంలో నీళ్లు అయిపోయాయి.

“ఎవరు వెళ్తారు?” అన్నాడు సార్జెంటు.

అందరూ తుపాకులు తుడుచుకోవడంలో పడ్డారు.

“నేను పోతా,” అన్నాడు నాగలి.

ధైర్యం ఎక్కువై కాదు. బావమరిది పోయినప్పటి నుంచి నాగలికి అక్కడ కూర్చోబుద్ధి కావడం లేదు, అంతే.

బొక్కెన, తాడు వీపుకి కట్టుకుని, పొట్ట మీద పాక్కుంటూ వెళ్లాడు. గడ్డి కదిలితే ఆగి, మళ్లీ పాకాడు. ఇల్లు దాటాడు... పెరడు... బావి గట్టు చేతికి తగిలింది. దుమ్ముకి దగ్గొచ్చింది. నోరు మూసుకుని దగ్గాడు.

“బావా...”

లోపలి నుంచే!

దెయ్యం తెలిసినవాళ్ల గొంతుతోనే పిలుస్తుంది, పలక్కు — అని నాయనమ్మ అనేది. పలకలేదు. కాళ్లు లేస్తే పారిపోయేవాడే... లేవలేదు.

“బావా, నీ దగ్గు నాకు తెలీదా? మా అక్కని నీకిచ్చి ఎలా చేశారో గానీ... తాడెయ్యి!”

దెయ్యాలు ఇంత చనువుగా తిట్టవు. నాగలి తాడు వదిలాడు.

బావిలో పడ్డ దూడను లాగినట్టు, గట్టుకి కాళ్లు తన్నిపెట్టి లాగసాగాడు. సగానికి వచ్చేసరికి అవతలి కందకం నుంచి తారాజువ్వలా ఒక వెలుగు పైకి లేచింది. పెరడంతా పట్టపగలైంది. నాగలి శిలలా బిగుసుకుపోయాడు. అరచేతులు కోసుకుపోతున్నాయి. కింద మనిషి వేలాడుతున్నాడు. ఎవరు మూలిగినా ఇద్దరూ పోయినట్టే...

వెలుగు ఆరింది.

పైకొచ్చిన బావమరిది గట్టు మీద చేపలా కొట్టుకున్నాడు. ఒక కాలు విరిగి వేలాడుతోంది. ఊపిరి అందగానే అన్న మొదటి మాట —

“తాడు మళ్లీ వెయ్యి.”

“ఎందుకురా?”

“కింద ఇంకొకడున్నాడు. గస్తీలో చీకట్లో కాలు జారి ఇందులో పడ్డాను. నాకు ఈత రాదు కదా... మునిగిపోతుంటే నన్ను భుజాల మీద నిలబెట్టుకున్నాడు. ఇన్ని రాత్రులూ వాడి మీదే నిలబడ్డాను బావా.”

నాగలి తాడు వదిలాడు. బొక్కెన నీళ్లకు తగిలింది. ఇంకా వదిలాడు... ఇంకా... చివరికి చేతిలో కొస మిగిలింది. అడుగు తగల్లేదు.

ఇంత లోతులో — భుజాల మీదా?

అప్పుడు తాడు బిగిసింది.

కింద ఎవరో పట్టుకున్నారు. లాగితే రావడం లేదు. ఇతన్ని లోపలికి లాగడమూ లేదు. ఊరికే... పట్టుకునే ఉన్నారు.

“నిన్నేమైనా అన్నాడా వాడు?” అడిగాడు నాగలి.

“ఒకటే ప్రశ్న. పైన వాన పడిందా, విత్తనం వేశారా అని. కుట్టుమిషను తొక్కేవాణ్ని, నాకేం తెలుసన్నాను. నువ్వు చెప్పు బావా. నువ్వు రైతువి.”

నాగలి తల తిప్పి చూశాడు. ఇంటి వెనక, ఆ ఇంటివాళ్లదే అయ్యుండాలి, పొలం గుండ్లు పడి గుంటలు గుంటలుగా ఉంది. మిగిలిన చోట నేల బీటలు వారింది. పిచ్చిమొక్కలు తప్ప పచ్చగా ఏమీ లేదు.

గట్టు మీద మొహం ఆనించి, బావిలోకి గుసగుసగా అన్నాడు.

“పడింది పెద్దాయనా. నేల మంచి పదును మీద ఉండగా విత్తనం వేశాం... మొలకలు కూడా వచ్చాయి.”



కాసేపటికి... చేతిలో తాడు మెల్లగా వదులైంది.