ఎవరి వంతూ కాని వల

"ఫేబీ, ఆ తెల్లోళ్ళ జతకి చెరువు కట్ట మీదికి పోబాక తల్లీ. పొద్దున్నుంచి రెండుసార్లు గ్లాసు చేజారింది నాకు. మనసేం బాలేదు."

కరుణాకుమారి ఆ మాట అనేసరికి ఇంకా ఏమీ జరగలేదు. నాయుడుపేటలో తెల్లవారి పాలవాడు కూడా రాలేదు.

"సైకిళ్ళు బాగుచేయను పోతుండానమ్మా. యుద్ధానికి కాదు."

"యుద్ధానికి పోయేవాళ్ళకన్నా తుపాకీ ఇస్తారు. నీకు పానాలు ఇచ్చినారు."

ఫేబీ నవ్వి సంచి భుజాన వేసుకుంది. ఆమె తీర నిఘా విభాగంలో ఏజెంట్ అని తల్లికి తెలియదు. కోడ్ నేమ్: ఉల్లంకి, బురద ఒడ్డున తిరిగే చిన్న పిట్ట. తుపాకీ మాత్రం నిజంగానే ఇవ్వలేదు.

హైవే పక్కన రొయ్యల మేత అమ్మే కొట్టు. వెనక గదిలో చీఫ్ పద్మనాభయ్య మేత మూటల మధ్య కూర్చుని ఉన్నాడు.

"తడిసిన మూటలున్నాయా?" అంది ఫేబీ.

"ఎండినవే అమ్ముతాం" అన్నాడు చీఫ్. కోడ్ సరిపోయింది. తలుపు గడియ పడింది.

"టార్గెట్, చెరువుకు ఆవల ఉన్న రాకెట్ కేంద్రం. రేపు పదకొండూ ఇరవైకి లాంచ్. ఒక విదేశీ ముఠా తప్పుడు సిగ్నల్ పంపే పెట్టె తెస్తోంది. అది పనిచేస్తే రాకెట్ దారి తప్పినట్టు స్క్రీన్ మీద కనబడుతుంది. అప్పుడు రూల్ ప్రకారం దాన్ని గాల్లోనే పేల్చేస్తారు."

"ముక్కలు?"

"గాలి ఎటుంటే అటు. రేపు గాలి చెరువు ఊళ్ళ మీదికి."

దొరవారిసత్రం నుంచి తడ దాకా ఆ ఒడ్డున ఎన్ని ఊళ్ళు, ఎన్ని రేకుల ఇళ్ళు!

"కవర్ ఆ సైకిళ్ళ పనేనా?"

"అదే, గ్రావెల్ బైక్ టూర్. లావు టైర్ల సైకిళ్ళ మీద కంకర దారుల్లో తొక్కుతారు. గైడ్‌తో కలిపి ఆరుగురు రైడర్లు, నువ్వు మెకానిక్‌వి. గైడ్ పేరు ఎలెనీ. ముఠాలో ఉంటూ మనకు పనిచేస్తోంది. పెట్టెను రేపు పొద్దున తడ దగ్గర దింపుతారని చెప్పింది. మన టీమ్ అక్కడ కాపు కాస్తుంది."

"ఆమెను నమ్మొచ్చా?"

"మూడేళ్ళుగా నమ్ముతున్నాం."

మూడేళ్ళు నమ్మినవాళ్ళే ఎక్కువ ముంచుతారు, అనుకుంది ఫేబీ.

*

ఎలెనీ సినిమా పోస్టర్ మీంచి దిగినట్టుంది. ఎండకు రాగిరంగు తేలిన భుజాలు, నల్ల కళ్ళద్దాలు, కంకర మీద కూడా చక్రం జారనివ్వని తొక్కుడు. మధ్యధరా సముద్రంలో ఏదో కొండల దీవి ఆమెది.

"మా తీరంలో అరగంట ఎక్కితే పది నిమిషాలు దిగుతాం. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం. మీ తీరంలో ఎక్కడమూ లేదు, దిగడమూ లేదు. ఈ బల్లపరుపు నేల చూస్తే భయమేస్తుంది. దాక్కునే చోటే లేదు" అంది ఇంగ్లీషులో.

"దాక్కునే పనేముంది మేడమ్?" అంది ఫేబీ.

ఎలెనీ నవ్వింది. కళ్ళద్దాల వెనక కళ్ళు నవ్వాయో లేదో కనబడలేదు.

బయలుదేరేముందు ఫేబీ గాలి చూసే నెపంతో ఒక్కో సైకిలునీ చేపలు తూచే కొక్కేనికి తగిలించింది. అయిదు సైకిళ్ళు తొమ్మిది కిలోల లోపే. ఎలెనీది పదకొండు.

ఆ రోజంతా ఫేబీ వ్యాన్‌లో వాళ్ళ వెనకే పోయింది. సీమతుమ్మ ముళ్ళకు నాలుగు పంక్చర్లు. ఒక్క చోట మాత్రం కట్ట ఇరుకై వ్యాన్ ఆగిపోయింది. నలభై నిమిషాలు రైడర్లు ఎర్రకంకర దుమ్ములో కలిసిపోయారు.

సాయంత్రం మళ్ళీ తూచింది. ఎలెనీ సైకిల్ తొమ్మిది.

"చీఫ్, రెండు కిలోలు దిగింది. తడలో కాదు. ఈ కట్ట మీదే, ఇవాళే" అంది ఫేబీ ఫోన్‌లో.

"ఎలెనీ మన మనిషి, ఉల్లంకీ. చేపల తూకం చూసి కౌంట్‌డౌన్ ఆపమంటే నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారు. పెట్టె చూపించు, ఆపిస్తా."

*

మర్నాడు ఫేబీ స్పేర్ బైక్ తీసుకుని ఒంటరిగా కట్ట ఎక్కింది. కంకర టైర్ల కింద పళ్ళు కొరికినట్టు చప్పుడు చేస్తోంది. ప్రతి తూమునీ, ప్రతి పొదనీ వెతికింది. పది దాటింది. పదకొండు దాటింది. ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత నుంచి సున్నాకు పడింది. చెవిలో ఉన్న వైర్‌లెస్ ఒక్కటే దిక్కు.

కట్ట వంపులో ఒకామె మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఎవరినో తిడుతోంది. పేరు నాగులమ్మ. పక్కూరి బెస్త మనిషి.

"ఏమైందక్కా?"

"చూడు పాపా! ఈ తావులో ఈ పొద్దు వంతు మాది. చీట్లేసి పంచుకున్న వంతు, తొమ్మిది రోజులకొకసారి వస్తాది. ఏ ముదనష్టపోడో గుంజ పాతి వల కట్టి పోయినాడు."

"నిన్న వంతు వాళ్ళదేమో?"

"నిన్న ఎవరికీ లేదు. కర్మాంతరమని చెరువు మూసినారు. ఎవరి వంతూ కాని రోజు వల యాడ నుంచి వస్తాది?"

ఫేబీ వల వంక తిరిగింది. గుంజ కొసన వల ముడుచుకుని ఉంది. ముడతల్లోంచి సన్నటి నల్ల తీగ ఒకటి ఆకాశంలోకి నిక్కి ఉంది. "దొరికింది చీఫ్" అని వైర్‌లెస్‌లో చెబితే, "ఇప్పుడు ఆపించే టైం లేదు, నువ్వే పగలగొట్టు, వ్యాన్ పంపుతున్నా" అన్నాడు చీఫ్.

ఇక్కడ ఒకరి వల ఇంకొకరు తాకరని ముఠా తెలుసుకుంది. అందుకే ఇంతకన్నా భద్రమైన దాపు లేదనుకుంది. వంతుల లెక్క మాత్రం తెలుసుకోలేదు.

"తీసేద్దాం అక్కా."

నాగులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "తాకబాక! పెద్దలకి కబురంపినా. వాళ్ళు రాకుండా వల తాకితే ఏడాది పొడుగునా మా వంతులు కొట్టేస్తారు. నా మొగుడు మంచాన ఉండాడు. ఆ వంతులే మాకు కూడు."

"తాకకపోతే ఊరే ఉండదు" అని ఫేబీ నీళ్ళలోకి దూకబోయింది.

"అక్కడే ఆగు."

ఇంగ్లీషు. వెనక నుంచి. ఎలెనీ సైకిల్ దిగి నిలబడి ఉంది. హ్యాండిల్ సంచిలోంచి తీసిన పిస్టల్ ఫేబీ వీపుకు గురిపెట్టి ఉంది.

"లాంచ్‌కి ఇంకో మూడు నిమిషాలు. కదలకుండా నిలబడితే ముగ్గురమూ ఇంటికి పోతాం."

"మూడేళ్ళుగా మావాళ్ళు నమ్మారు నిన్ను."

"మూడేళ్ళుగా మీవాళ్ళు నా సైకిల్ తూచలేదు."

ఫేబీ నెమ్మదిగా చేతులు ఎత్తింది. కుడి చేతిలో, జేబులోంచి అప్పుడే తీసుకున్న టైర్‌లో పోసే సీలెంట్ ఉంది, గ్యాస్ నింపిన సీసాలో. మెకానిక్ చేతిలో సీసాని ఎవరు అనుమానిస్తారు? గిర్రున తిరిగి నొక్కింది. తెల్లటి జిగురు ఎలెనీ కళ్ళద్దాల మీద, ముఖం మీద చిమ్మింది. పిస్టల్ పేలింది. గుండు ఫేబీ చెవి పక్కనుంచి పోయింది. ఇద్దరూ కలబడి బురదలో పడ్డారు.

కొండలెక్కిన కాళ్ళు ఎలెనీవి. ఫేబీ నడుముకు ఇనప పట్టీలా చుట్టుకున్నాయి. తల నీళ్ళలోకి దిగింది. పైకి లేచింది. మళ్ళీ దిగింది.

"అక్కా! వల లాగు! అందులో పెట్టె ఉంది! పగలగొట్టు!"

నాగులమ్మ కదలలేదు. వల వంక చూసింది, ఊరి వంక చూసింది.

"అక్కా! ఆ రాకెట్ ముక్కలు మీ ఇళ్ళ మీదే పడేది!"

చెరువు అవతల సైరన్ మోగింది. నాగులమ్మ ఒక్క అంగలో గుంజ దగ్గరికి పోయి వల పీకింది. బూడిదరంగు పెట్టె, ఎర్రటి లైటు. ఆమె దాన్ని తూము రాతికేసి కొట్టింది. లైటు ఆరలేదు. ఇంకోసారి. పెంకు చీలింది. మూడోసారి కొట్టేటప్పుడు ఆమె నోట తిట్టో మొక్కో ఏదో వచ్చింది.

ఎర్ర లైటు ఆరింది.

నేల వణికింది. తూర్పున తెల్లటి మంట లేచింది, దాని వెనక ఉరుము. నీటిలోని పక్షులన్నీ ఒకేసారి లేచాయి. రాకెట్ నిటారుగా పోయింది. ఇంకా పోయింది. కనబడనంత దూరం పోయింది. ఎక్కడా పేలలేదు.

ఎలెనీ పట్టు సడలింది. ఫేబీ ఆమె చేతుల్ని పాత ట్యూబుతో కట్టేసింది.

పావుగంటలో చీఫ్ పంపిన మేత కొట్టు వ్యాన్ కట్ట మొదట్లో ఆగింది. ఎండదెబ్బ తగిలిన టూరిస్టుని మోసుకుపోతున్నట్టు ఇద్దరు మనుషులు ఎలెనీని మోసుకుపోయారు. పెట్టె కూడా పోయింది, ఈ సంగతి ఎవరితోనూ అనొద్దని నాగులమ్మకీ చెప్పి పోయారు.

వాళ్ళు అటు పోవడం, పడవలో పెద్దలు ఇటు రావడం. ముందు పెంచలయ్య, తెల్ల మీసం. పీకి పడేసిన వల చూశాడు. ముఖం నల్లబడింది.

"మేం రాకముందే వల తాకినదెవరు?"

ఫేబీ నోరు తెరవబోయింది. చెవిలో చీఫ్ గొంతు: "ఒక్క మాట వద్దు, ఉల్లంకీ. పెట్టె లేదు. మనం లేము. ఆర్డర్."

ఫేబీ నోరు మూసుకుంది. జీవితంలో ఏ ఆర్డరూ అంత చేదుగా అనిపించలేదు.

"అడిగేది మిమ్మల్నే. తాకినదెవరు?"

పడవ గుంజకు తగిలి టక్కుమంది. నలుగురు పెద్దలూ కదలకుండా చూస్తున్నారు. నాగులమ్మ చీర కొంగు పిండుకుంది, మళ్ళీ పిండుకుంది, పిండడానికి చుక్క నీళ్ళు లేకపోయినా. ఫేబీ ఆమె కళ్ళలోకి చూడలేక కంకర వంక చూసింది.

నాగులమ్మ తలెత్తింది.

"నేనే తాకినా పెద్దయ్యా" అంది. "చేప మాత్రం ఒక్కటీ పడలా."