పోతానని అనలేని మేకపిల్ల

“ఏమప్పా, మేకకు గడ్డం యాడ?”

పత్తికొండ పక్క పల్లె బడిలో సాహితి టీచర్ నాగరాజుతో అన్న మొదటి మాట అది.

“పిల్ల కదా మేడమ్, ఇంకా మొలవలేదు,” అన్నాడు నాగరాజు, చేతికి తొడిగిన మేజోడు బొమ్మను ఆడిస్తూ.

ఆమె నవ్వు ఆపుకోలేక బోర్డు వైపు తిరిగింది. అంతే, నాగరాజు పని అయిపోయింది.

అతను ఊళ్లో దర్జీ. ఆమెది బద్వేలు. ఒక ట్రస్టు తరఫున ఒకటో తరగతి పిల్లలకు బొమ్మల కథలతో ఇంగ్లీషు నేర్పడానికి వచ్చింది. కథ ఆమె రాస్తుంది. బొమ్మలు కుట్టి ఆడించేది అతను. ఏడు నెలలుగా ముప్పై మంది పిల్లలు “గోట్”, “క్రో” అని గొంతెత్తి అరుస్తుంటే, అతను మాత్రం చెప్పాల్సిన ఒక్క మాటనూ మింగుతూ వచ్చాడు.

ఇక టైం లేదు. శుక్రవారం ట్రస్టు ఆఫీసర్ గోపీనాథ్ వస్తున్నాడు.

“ఆయనకు నచ్చకుంటే క్లాసు బంద్,” అంది సాహితి. “క్లాసు ల్యాకుంటే మా నాయన నన్ను ఈడ ఒక్కరోజు ఉండనీడు. బద్వేలులో సంబంధం చూసి పెట్టినాడు.”

“నచ్చుతాది మేడమ్.”

“అంతేనా నువ్వు చెప్పేది?”

“శానా నచ్చుతాది.”

ఆమె అతని వంక జాలిగా చూసి వెళ్లిపోయింది.

శుక్రవారం కొత్త కథ. మేకపిల్ల తల్లిని వదిలి మేతకు బయల్దేరాలి. “ఐ యామ్ గోయింగ్, మదర్” అని సాహితి రాసింది. ప్రాక్టీసులో ఆ ముక్క ఆమే చదివింది. ఇప్పుడు తెర వెనక నాగరాజు వంతు.

నోరు తెరిచాడు. మాట రాలేదు. గోయింగ్ అంటే పోతాండా అని. గడప దాటేటప్పుడు ఎవరైనా ఆ మాట అంటారా? వస్తా అంటారు గానీ!

“ఐ యామ్ కమింగ్, మదర్!” అంది మేకపిల్ల.

సాహితి మొహం పాలిపోయింది. పిల్లలకు మాత్రం తెగ నచ్చింది.

“ఇంటికెళ్లేటప్పుడు టీచర్‌తో ఏమంటారు?” అని గోపీనాథ్ అడిగాడు.

“ఐ యామ్ కమింగ్!” ముప్పై గొంతులూ ఒకేసారి.

“వెళ్తూ కమింగా?” ఆయన ఫైలు మూసేశాడు. “ఆడించేవాడికే రాకపోతే పిల్లలకేం వస్తుంది? సోమవారం నుంచి క్లాసు ఆపేయండి.”

కారు కదిలాక సాహితి విరుచుకుపడింది. “ఒక్క మాట కదప్పా! నోరు తిరగలేదా?”

“మా నాయన ఒగనాడు పొద్దున్నే ‘పోతాండా’ అని టమాటా లారీ ఎక్కినాడు మేడమ్. మళ్లా రాలేదు. మా ఇంట్లో ఎవరమూ ఆ మాట అనము. మేకతో కూడా అనిపించలేకపోతి.”

ఆమె కోపం చప్పున చల్లారింది. పిల్లల బెంచీ మీద కూలబడి మొహం చేతుల్లో దాచుకుంది.

“ముందే చెప్పొచ్చు కదా. ‘బై’ అని రాసేదాన్ని.”

ముందే చెప్పడం నాగరాజుకు ఎప్పుడు చేతనైంది గనక!

ఆదివారం పత్తికొండ బస్టాండు. చినుకులు పడుతున్నాయి. కూతురిని తీసుకుపోవడానికి సాహితి తండ్రి శ్రీనివాసులు వచ్చాడు. ఆమె సంచులు మోస్తూ నాగరాజు వెనకే వచ్చాడు.

“ఎవరు పాపా ఈ అబ్బి?”

సాహితి నాగరాజు వైపు చూసింది. వాళ్లు ఎక్కాల్సిన కర్నూలు బస్సు స్టార్టయింది.

“నా పేరు నాగరాజు సార్. దర్జీని. క్లాసు పోయింది నా వల్లనే. ఇంకొకటి... మీ పాపంటే నాకు శానా ఇష్టం. ఆమెకు గూడా ఇంతవరకు చెప్పలేదు.”

శ్రీనివాసులు కూతురి వైపు తిరిగాడు. “నీకు తెల్సునా?”

“ఏడు నెల్లుగా తెల్సు నాయనా. ఈయప్పకే నోరు రాల్యా.”

“బస్సెక్కు.”

ఆమె ఎక్కింది. తిరిగి చూడలేదు. నాగరాజు సంచులు లోపలికి అందించాడు.

శ్రీనివాసులు ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టి ఆగాడు. జేబులోంచి ఫోన్ తీశాడు.

“ఇంట్లో పెద్దోళ్లు ఎవరుండారు?”

“మా యమ్మ సార్. భీమమ్మ.”

“నంబర్ చెప్పు. ఒప్పుకున్యానని అనుకోవాకు. తప్పు నీ మీద ఏసుకున్నావు, అందుకు అడుగుతాండా. మాట్లాడి చూస్తా.”

నాగరాజు మొదలుపెట్టాడు. రోజూ పదిసార్లు కొట్టే అమ్మ నంబరు, ఆరు అంకెలు దాటాక నాలిక మీద గడ్డకట్టింది.

మిగిలిన నాలుగు అంకెలూ బస్సు కిటికీలోంచి సాహితి చెప్పింది.