కూర్మయ్య గదిలో పది మాటలు

శ్రీముఖలింగం దాటి వంశధార గట్టు వెంట రెండు కోసులు నడిస్తే ఒక ఊరొస్తుంది. ఆ ఊరి బడిలో ఐదో తరగతి గదిని ఎవరూ ఆ పేరుతో పిలవరు. కూర్మయ్య గది అంటారు. పొద్దు వాలాక అటువైపు గొడ్లను కూడా తోలరు.

ఒకప్పుడు అది గోగునార గిడ్డంగి. ఎత్తు గోడలు, పైన రేకులు, ఒకటే తలుపు. నారబేళ్లు పేర్చే కూర్మయ్య ఒక రాత్రి బేళ్లు మీద పడి చనిపోయాడు. పడగానే పోయాడట, బాధ తెలియలేదట... ఊరంతా చెప్పుకునే మాట అది. తర్వాత బేళ్లు తీసేసి బడి పెట్టారు. చాలా ఏళ్లు ఏమీ జరగలేదు.

రెండేళ్లుగా ఆ గది పలుకుతోంది.

ఒక మాట అంటే నాలుగు తిరిగొస్తాయి. ఇద్దరు మేష్టర్లు గొంతులు పోగొట్టుకుని బదిలీ మీద వెళ్లిపోయారు. పిల్లలు సాయంత్రానికి తలలు పట్టుకుని ఇళ్లకు పోతారు.

1968 వర్షాకాలంలో విజయనగరం నుంచి వచ్చిన జగన్నాధం మేష్టారికి ఆ గదే ఇచ్చారు. మొదటి వారంలోనే ఆయన ఒకటి గమనించాడు. ముందు వరస పిల్లలు పాఠం వింటారు. వెనక వరస పిల్లలు ఆయన పెదాలు చూస్తారు. అందరికన్నా వెనక గోడకు ఆనుకుని కూర్చునే గున్నమ్మ అదీ మానేసింది. ఏం చెప్పినా పలక మీద ఏదో గీసి బోర్లించేది. పిలిస్తే పలికేది కాదు.

శుక్రవారం దాని అమ్మమ్మ జగ్గమ్మ గుమ్మం ముందు నిలబడింది.

"రేపట్నించి పిల్ల రాదు బాబూ."

"ఏం?"

"ఏటని సెప్పమంటారు? దాని సెవులు ఆ కూర్మయ్య తినీసినాడు. ఆదివారం ఎజ్జోడు వస్తాడు. మిరపకాయలు కూడా సిద్ధం సేసీసినాను."

ఎజ్జోడంటే అక్కడ దెయ్యాలు వదిలించేవాడు. మిరపకాయల పొగ పెడతాడు, వేపమండలతో కొడతాడు. కిందటేడు అతని పొగకి ఒక పిల్ల కన్ను పోయింది.

"రేపొక్కరోజు పంపించు. పది మాటలు డిక్టేషను చెబుతాను. నీ ఎదురుగానే రాస్తుంది. రాయకపోతే నీ ఇష్టం."

"పదీ రాయాల" అంది జగ్గమ్మ. "తొమ్మిది రాసి దాటీదామంటే నానూరుకోను."

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి జగన్నాధం లాంతరు పట్టుకుని గదిలోకి వెళ్లాడు. బడి బంట్రోతు అసిరయ్య గుమ్మం బయటే ఆగిపోయాడు. గిడ్డంగి రోజుల్నించీ అక్కడి తాళాలు అతనివే.

"లోపలికి రావయ్యా."

"ఒద్దు బాబూ. నాకింకా మనవరాలి పెళ్లి ఉన్నాది."

"అయితే అక్కణ్ణించే పిల్లల పేర్లు పిలువు."

జగన్నాధం వెనక్కి వెళ్లి గున్నమ్మ చోట కూర్చున్నాడు. అసిరయ్య "చినబాబు" అన్నాడు. ఆ పిలుపు రేకులను తాకి, ఎదురు గోడకు వెళ్లి, తిరిగొచ్చేలోగా "పద్మకుమారి" బయల్దేరింది. రెండూ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. మూడోది... నాలుగోది... ఎవరో నీళ్లలో మునుగుతూ మాట్లాడుతున్నట్టుంది. ఒక్క పేరూ తెలియలేదు.

ఆ పిల్ల రోజంతా వినేది ఇదే.

"అసిరయ్యా, ఈ గది పలకడం ఎప్పుడు మొదలైంది?"

"రాళ్లు పరిసినప్పుడు బాబూ. పెసిడెంటుగారు నాపరాళ్లు ఏయించి, కొత్త రాళ్ల మీద ఈ మురికి గోనెలేటని, పిల్లలు కూసోడానికి తెచ్చుకునే గోనెపట్టాలు మాన్పించీసినారు. గుండెల మీద రాళ్లు పరిస్తే సచ్చినోడు ఊరుకుంటాడేటి?"

జగన్నాధం లాంతరెత్తి నాపరాళ్లూ, బోసి గోడలూ చూశాడు. తర్వాత మూల పడున్న పాత గోనెలు రెండు తీసి గోడ మేకులకు తగిలించి, చప్పట్లు కొట్టాడు. మరో రెండు తగిలించి మళ్లీ కొట్టాడు. పదహారు గోనెలయ్యేసరికి చప్పుడు పుట్టినచోటే చచ్చిపోయింది.

"మీ కూర్మయ్య గోనెలకి జడిశాడు!" అని నవ్వాడు.

అసిరయ్య నవ్వలేదు. మొలనున్న తాళాల గుత్తి తీసి గడప మీద పెట్టాడు.

"అప్పుడూ ఇలాగే ఉండీది బాబూ" అన్నాడు గొంతు తగ్గించి. "గది నిండా నారే. లోపల అరిస్తే బయటికి ఇనబడదు... ఆడు పడగానే పోలేదు. ఎవులూ లేరనుకుని తాళం నానే ఏసినాను. పొద్దున్న తీస్తే, ఇరిగిన కాలు ఈడ్సుకుని తలుపు కాడికొచ్చీసున్నాడు. మళ్లీ బేళ్ల కిందికి నానే లాగీసినాను... ఇది మీకు తప్ప ఎవులికీ సెప్పలేదు."

మర్నాడు మేష్టారి కబురు మీద పిల్లలందరూ ఇళ్ల నుంచి గోనెపట్టాలు తెచ్చారు. కొన్ని పరిచారు, కొన్ని గోడలకు కట్టారు. వాన జల్లు లోపలికి కొడుతోందని తలుపు మూశారు. జగ్గమ్మ గోడవార చతికిలబడింది.

జగన్నాధం అరవలేదు. ఇంట్లో మాట్లాడినట్టే చెప్పాడు. నాగలి... పడవ... వంతెన... వెనక వరసలో ఎవరూ తలెత్తలేదు. గున్నమ్మ బలపం ఆగకుండా నడుస్తోంది.

పదో మాట చెప్పి ఆయన ఆగాడు.

బలపం ఆగలేదు.

దగ్గరికెళ్లి పలక తీసుకున్నాడు. పది మాటలూ ఉన్నాయి. ఒక్క తప్పు లేదు. వాటి కింద, అదే వరసలో, ఆయన చెప్పనిది ఇంకొకటి ఉంది—

తలుపు తియ్యండి.

జగన్నాధం వంగి, పిల్లకు మాత్రమే వినబడేట్టు అడిగాడు. "ఇది... ఎవరు చెప్పారమ్మా?"

"మీ ఎనకమాలున్నాయన" అంది గున్నమ్మ, అంతే మెల్లిగా. "ఎప్పుడూ సెప్తాడు మేష్టారూ. ఇన్నాళ్లూ అందరి గొంతుల్లో కలిసిపోయీది. ఇప్పుడు సుబ్బరంగా ఇనబడతన్నాది."

ఆయన వెనక్కి తిరగలేదు.

"ఎన్ని రాసినాది బాబూ?" గోడవార నుంచి జగ్గమ్మ అడిగింది.

జగన్నాధం బొటనవేలు తడి చేసుకుని, పలక అడుగున ఒక్కసారి రుద్దాడు.

"పదికి పది" అన్నాడు.

ఎజ్జోడు రాలేదు. సిద్ధం చేసిన మిరపకాయలు పచ్చట్లోకి పోయాయి. జగన్నాధం ఆ క్షణమే పలక పిల్ల చేతికిచ్చి, నేరుగా నడిచి తలుపు బార్లా తీశాడు. ఆ బడిలో ఉన్న ఏడేళ్లూ, ఎంత జడివాన కొట్టినా, రాత్రి తాళం వేళ అయినా, దాన్ని మూయనివ్వలేదు.

ఎందుకని అడిగితే, పిల్లలకు గాలి ఆడాలి అనేవాడు.